అక్కకి ఒక్క మాట

కటింగ్ బల్ల దగ్గర నుంచి,
దర్జీ షాపులో అందరూ భోజనాలకి వెళ్ళాక

చెల్లీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం క్షేమం.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావు. ఫోనులో నువ్వు "ఎలా ఉన్నావక్కా" అంటావు. నేను "బాగున్నాను" అంటాను. ఆలోచించేలోపే నోరు అనేస్తుంది. కాగితం మీద అంత తొందరగా అనలేకపోతున్నాను.

పోయిన వారం ఒక కోటు పాడు చేశాను. గళ్ళ బట్ట. గళ్ళ బట్టని మడతపెట్టి కొయ్యం, గళ్ళు కలవవు. ఒక్క పొర పరిచి, కాగితం నమూనా పెట్టి, ఎడమ ముందు భాగం కొయ్యాలి. తర్వాత నమూనా తిరగేసి కుడిది కొయ్యాలి. నేను తిరగెయ్యలేదు. ఒకే కోటుకి రెండు ఎడమలు కోశాను. ఆ రంగు బట్ట ఇంక లేదు.

షాపాయన చూశారు. రెండు ముక్కలూ మడిచి అరలో పెట్టారు. మర్నాటి నుంచి గళ్ళ బట్టలన్నీ ఆయన తమ్ముడి బల్ల మీదికి వెళ్తున్నాయి. నాకు సాదా బట్టలు మిగిలాయి. తిట్టి ఉంటే బాగుండేది.

కత్తెర పట్టుకున్నప్పుడు ఒంట్లోంచి వేడి లేచింది. రొమ్ముల దగ్గర మొదలై మెడ మీదుగా నెత్తికెక్కింది. కళ్ళజోడు మీద ఆవిరి. అది తగ్గేసరికి ఏది కోశానో ఏది కొయ్యలేదో తెలియలేదు. నెలసరి ఆగి ఏడాది దాటింది. ఇంకా ఇదేమిటి అనుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నెమ్మదస్తురాలు. అన్నీ విని, హార్మోన్ చికిత్స అని ఒకటుంది, మీ వయసుకి ఇవ్వవచ్చు, లాభమూ ఉంది, కొంత ప్రమాదమూ ఉంది, ఆలోచించుకుని రండి అంది.

ఆలోచిస్తున్నాను. ఎటూ తేలడం లేదు.

మరిదిగారిని అడిగానని చెప్పు.

అక్క

*

కట్టుడు పళ్ళ ల్యాబు నుంచి,
ప్లాస్టరు గట్టిపడేలోపు

అక్కా,

కవరు మీద నీ అక్షరాలు చూసి ఎవరో పోయారనుకున్నాను. చింపడానికి చేతులు రాక మీ మరిదికిచ్చాను. ఆయన చింపి, మొదటి లైను చదివి, "అందరూ క్షేమంట, మిగతాది నువ్వే చదువుకో, ఆడవాళ్ళ సంగతిలా ఉంది" అని ఎర్రబడిపోయి వ్యాను తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. పాపం, పుచ్చుకున్న జీతానికి పార్సిళ్ళు చేరవెయ్యడం తప్ప ఇంకేం తెలీదు మనిషికి.

రెండు ఎడమలు! నవ్వొచ్చిందక్కా, తిట్టకు. తర్వాత ఏడుపొచ్చింది. నువ్వు చిన్నప్పుడు నా గౌను కోస్తూ ఇల్లు కూలినా తలెత్తేదానివి కాదు. నీ కత్తెర తప్పడమంటే గడియారం పన్నెండు కొట్టడం మర్చిపోవడమే.

ఇంక హార్మోన్ల సంగతి. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి కనబడ్డవాళ్ళందర్నీ అడుగుతున్నాను. నీ పేరు చెప్పలేదు, "మా బంధువు ఒకావిడ" అన్నాను. ముందు గదిలో కూర్చునే పళ్ళ డాక్టరు భార్య, "అమ్మో, క్యాన్సరొస్తుంది" అంది. మా ల్యాబులో మైనం పోసే ఆవిడ, "మా వదిన ఆ హార్మోన్ల పట్టీ అంటించుకుని పదేళ్ళు చిన్నదయింది, ఇప్పుడు మా అన్నయ్యే ముసలాడిలా ఉన్నాడు" అంది. ఒకళ్ళు మాత్రలన్నారు, ఒకళ్ళు పూత అన్నారు. ఒకావిడైతే గింజలు నానబెట్టుకు తినమంది. నా బుర్ర ఇప్పుడు ఎలా ఉందంటే, పై దవడ అచ్చుకి ఎవరిదో కింది దవడ బిగించినట్టుంది.

నువ్వు వారం రోజులు ప్రార్థన చేసుకుని ఒక్క మాట చెప్పే మనిషివి కదా! అమ్మ పోయాక మన ఇంట్లో ఏదొచ్చినా అంతేగా. నేను ఈ ల్యాబులో చేరనా అంటే "చేరు" అన్నావు. చేరాను. తమ్ముడు ఇల్లు మారాలా అంటే "వద్దు" అన్నావు. మారలేదు. ఈయన్ని చేసుకోనా అంటే "చేసుకో" అన్నావు. (ఆ ఒక్కదానికీ ఇంకో వారం ప్రార్థించి ఉండాల్సింది.) అందరికీ చెప్పినదానివి నీకు నువ్వు చెప్పుకోలేవా?

ప్లాస్టరు గట్టిపడింది. ఎవరికో నవ్వాలని ఉందిట, పళ్ళు కావాలి. ఉంటాను.

నీ చెల్లి

*

ఇంటి నుంచి,
వాన వెలిసిన ఆదివారం

చెల్లీ,

"మా బంధువు ఒకావిడ" అన్నావు. నీకు అక్కని నేను ఒక్కదాన్నే. వాళ్ళకి తెలిసే ఉంటుంది. సరే.

నాకు నేను చెప్పుకోలేనా అని అడిగావు. లేను. మూడు వారాలుగా పొద్దున్నే కూర్చుంటున్నాను. అడుగుతున్నాను. దేవుడు కూడా నాలాగే పొదుపుగా మాట్లాడతాడు కాబోలు.

ఆదివారం ప్రార్థనలో నా పక్కన కూర్చునే ఆవిడకి చెప్పాను. "ఓర్చుకోవాలమ్మా. మన అమ్మలు ఏం వేసుకున్నారు?" అంది. నిజమే. వేసుకోలేదు. మన అమ్మ ఈ వయసులో ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోయాను. తడిగుడ్డ మెడకి చుట్టుకుని వరండాలో కూర్చునేది. నేను అడిగితే, "ఏం లేదు, గాలి కోసం" అనేది. అది ఓర్పో, చెప్పుకునే మనిషి లేకపోవడమో నాకు ఇప్పుడు తెలియడం లేదు.

ఇంకొకటి. నన్ను అందరూ నెమ్మదస్తురాలంటారు. అది ప్రార్థన వల్ల వచ్చిందని అనుకునేదాన్ని. పొట్ట మీద అంటించుకునే పట్టీ వల్ల వస్తే, అది నాదేనా?

అందుకని ఒకటి అడుగుతాను. కాదనకు. ఈసారి ఒక్క మాట నువ్వు చెప్పు. నేను మీకు చెప్పినట్టే. వారం ఆగు. తర్వాత కార్డు మీద ఒకే మాట రాయి. మొదలుపెట్టు అను, వద్దు అను. కారణం రాయకు. కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి, రెండు వైపులకీ.

ఉత్తరం మీద తేదీ వేసే అలవాటు చేసుకో. నీ ప్లాస్టరు సంగతి నాకెలా తెలుస్తుంది?

అక్క

*

పళ్ళ ల్యాబు,
ప్లాస్టరు ఇంకా కలపలేదు, ముందు ఇది రాయాలి

అక్కా,

నన్నా? ఒక్క మాటా? కుక్కని గుమ్మంలో కట్టేసి మొరగొద్దన్నట్టుంది. నాకు పళ్ళు చెయ్యడం వచ్చు గానీ నోరు మూసుకోవడం వచ్చా?

ముందు నీ పట్టీ ప్రశ్న. ప్రార్థన పుస్తకం కళ్ళజోడు పెట్టుకుని చదువుతావా, లేదా? చదువుతావు. ఆ చూపు నీదా, కళ్ళజోళ్ళ షాపువాడిదా? దేవుడు ఏనాడైనా "అమ్మాయ్, అద్దాలు తీసి చదువు, లేకపోతే లెక్కలోకి రాదు" అన్నాడా? మా దగ్గర పళ్ళు కట్టించుకున్న ముసలాయన అవి పెట్టుకునే ప్రార్థన చేస్తాడు. పళ్ళు నావి, ప్రార్థన ఆయనది. ఇది నా లాజిక్కు. నచ్చకపోతే మీ పక్కనావిడకి చెప్పు.

అంత తేలిగ్గా రాసేశాను గానీ, పిన్ని గుర్తొచ్చి కలం ఆగిపోయింది. పిన్నికి క్యాన్సరని రొమ్ము తీసేసి మూడేళ్ళయింది కదా. అమ్మ సొంత చెల్లెలు. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పావా? చెప్పే ఉంటావు. చెప్పకపోతే చెప్పు. నాకు భయంగా ఉంది. నువ్వు పడే బాధకీ భయమే, నువ్వు వేసుకుంటే వచ్చే బాధకీ భయమే. ఇలాంటిదాన్ని పట్టుకుని ఒక్క మాట చెప్పమంటున్నావు.

కానీ నువ్వు నన్నెప్పుడూ ఏదీ అడగలేదక్కా. గుర్తు తెచ్చుకుంటే ఒక్కటీ దొరకలేదు. అందుకని సరే. వారం ఆగుతాను. ప్రార్థన నాకు నీలా రాదు, మధ్యలో బట్టలారేశానా లేదా అని గుర్తొస్తుంది. అయినా కూర్చుంటాను.

ఒక్కటి మాత్రం నిజం చెప్పు. కోటు ఒక్కటేనా? ఒక్క కోటు కోసం నువ్వు ఉత్తరం రాయవు.

నీ చెల్లి

*

ఇంటి నుంచి,
పొద్దున

చెల్లీ,

కోటు ఒక్కటే కాదు.

కోటు పాడైన వారమే, ఆదివారం ప్రార్థన నేను చెప్పించాల్సి వచ్చింది. నేను ఒక వాక్యం అంటాను, అందరూ అంటారు. చిన్నప్పటి నుంచి నోటికొచ్చినదే. సగంలో తర్వాతి వాక్యం రాలేదు. మాట నోటిదాకా వచ్చి ఆగడం కాదు. ఆ చోట ఏమీ లేదు. అందరూ కళ్ళు మూసుకుని నాకోసం ఆగారు. నేను భక్తితో మౌనంగా ఉన్నాననుకున్నారు. బయటికొచ్చాక ఒకావిడ, "ఇవాళ మీ మౌనం ఎంత బాగుందో" అంది. నేను సరే అన్నాను.

ఆ వారమే, చలికి కిటికీ మూశారని మీ బావ మీద అరిచాను. ఆయన మీద ఎప్పుడూ అరవలేదు. ఆయన కోపం తెచ్చుకోలేదు. లోపల ఎవరున్నారో చూస్తున్నట్టు నా మొహంలోకి చూశారు. తర్వాత కిటికీ తెరిచి, ఇంకో దుప్పటి తెచ్చుకుని పడుకున్నారు.

నాకు కావలసినవి మూడే. కత్తెర, ప్రార్థన, ఇంట్లో నెమ్మది. మూడూ ఒకేసారి కదిలాయి. ఇది వయసా, ఒళ్ళా, నా విశ్వాసంలో లోపమా? విడదీసి చూడలేకపోతున్నాను. ఒకే రంగు దారాలు చిక్కుపడ్డట్టుంది.

పిన్ని సంగతి డాక్టరమ్మకి చెప్పాను. రొమ్ములకి ఫోటో పరీక్ష, మామోగ్రామట, రాసింది. చేయించుకుంటాను.

నీ కార్డు కోసం చూస్తూ ఉంటాను. ఏది రాసినా నీ మీద నింద ఉండదు.

అక్క

*

ప్లాస్టరు తడిగా ఉంది

అక్కా,

మొదలుపెట్టు.

నీ చెల్లి

*

ప్లాస్టరు తడిగా ఉంది

అక్కా,

వద్దు.

నీ చెల్లి

*

కటింగ్ బల్ల దగ్గర నుంచి,
భోజనాల వేళ

చెల్లీ,

నీ రెండు కార్డులూ ఒకే రోజు వచ్చాయి. పోస్టాయన రెండూ కలిపి నా చేతిలో పెట్టి, "ఒకరే రెండు రాశారు" అని నవ్వి వెళ్ళాడు.

ఒకదాని మీద మొదలుపెట్టు. ఒకదాని మీద వద్దు. రెండింటి మీదా ప్లాస్టరు తడిగానే ఉంది. తేదీ లేదు. పోస్టు ముద్ర రెండింటి మీదా ఒకే రోజుది. ఏది ముందు, ఏది తర్వాత? తర్వాతదే నీ మాట అనుకోవాలి. ఏది తర్వాతదో తెలియలేదు.

షాపులో నా బల్ల మీద పక్కపక్కన పెట్టుకున్నాను. సిరా చూశాను. ఒకటే సిరా. అక్షరాలు చూశాను. రెండూ వణికే ఉన్నాయి. నీ చెయ్యి వణకడం నేనెప్పుడూ చూడలేదు.

ఫోను తీశాను. నీ నంబరు నొక్కబోయి ఆగాను. నువ్వు ఎత్తి, "తర్వాత రాసింది వద్దు" అంటావేమో అనిపించింది. అనుకోగానే నా గుండె కిందికి జారింది. "తర్వాత రాసింది మొదలుపెట్టు" అంటావేమో అనుకుని చూశాను. జారలేదు.

ఫోను పెట్టేశాను.

అంతవరకు ఏది కావాలో నాకు తెలియదు చెల్లీ. ఇన్ని వారాలు దేవుడు ఏమీ చెప్పలేదనుకున్నాను. నీ కార్డులు రెండూ ఒకే రోజు చేరడమే ఆయన చెప్పడమేమో. కాకపోతే మన పోస్టాఫీసు ఆలస్యమేమో. ఆ రెండింటికీ తేడా నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎవరినీ తీసుకెళ్ళలేదు. ఫోటో పరీక్షలో ఏమీ లేదని చెప్పింది. రక్తపోటు చూసింది. పిన్ని సంగతి మళ్ళీ అడిగాను.

"మీ పిన్నిగారికి డెబ్బై దాటాక వచ్చింది. అది లెక్కలోకి తీసుకోవాల్సిందే. దానితోనే తలుపు మూసుకుపోదు" అంది.

"ప్రమాదం లేదంటారా?"

"అనను. ఏళ్ళ తరబడి వాడితే కొద్దిగా పెరుగుతుంది. సున్నా అని చెప్పే డాక్టర్ని నమ్మకండి."

"నా మరుపు పోతుందా?"

"వేడి ఆవిర్లు తగ్గుతాయి. నిద్ర బాగుపడవచ్చు. నిద్రపడితే మనసు కుదురుకుంటుంది. మరుపుకి మాత్రం హామీ ఇవ్వలేను."

హామీ ఇవ్వనన్నందుకే ఆమె మీద గురి కుదిరింది.

"మీరైతే ఏం చేస్తారు?" అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కోసేది మీరు, నేను కటింగ్ మాస్టర్ని కాదు కదండీ" అంది. తర్వాత, "మూడు నెలలు చూద్దాం. పడకపోతే తీసేద్దాం. ఇందులో వెనక్కి రాలేనిది ఏమీ లేదు" అంది.

నేను ఇన్నాళ్ళూ దీన్ని కత్తెరలా చూశాను. కోస్తే కోసినట్టే అనుకున్నాను. మా పనిలో కత్తెర ఒక్కటే లేదు. మిషను కుట్టుకి ముందు పొడుగు దారంతో కచ్చా కుట్టు వేసి, మనిషికి తొడిగి చూస్తాం. భుజం పట్టేస్తే దారం లాగేస్తాం. బట్టకి మచ్చ కూడా మిగలదు.

"ట్రయలన్నమాట" అన్నాను. ఆమెకి అర్థమైంది.

పొట్ట కింది భాగంలో అంటించుకునే పట్టీ. గర్భసంచి ఉంది కనుక పడుకునే ముందు ఒక మాత్ర కూడా. ఈ పొద్దున ప్రార్థన అయ్యాక అంటించుకున్నాను.

నువ్వు ఏది తర్వాత రాశావో ఇప్పుడే చెప్పకు.

అక్క

*

ల్యాబు. ప్లాస్టరు లేదు, ఏమీ లేదు, తలుపేసుకుని రాస్తున్నాను
(తేదీ వేశాను చూడు, కవరు మీద, పెద్దక్షరాలతో)

అక్కా,

ముందు నన్ను తిట్టు, తర్వాత మీ మరిదిని తిట్టు. మొదటి కార్డు రాసి, దారిలో డబ్బాలో వెయ్యమని ఆయనకిచ్చాను. ఆ మహానుభావుడు కోటు జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులు పెట్టుకునే తిరిగాడు! రెండోది ఇస్తే జేబులో పెట్టబోయి, అందులో మొదటిది ఉండటం చూసి, "అరె, ఇదింకా ఇక్కడే ఉందే" అని రెండూ కలిపి వేసి, ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. ఊరివాళ్ళ పార్సిళ్ళన్నీ వేళకి చేరతాయి, ఇంటి కార్డు మాత్రం జేబు దాటదు. ఆ "చేసుకో" గురించి నువ్వు నాకింకా బాకీ ఉన్నావు చూడు, అది ఇప్పుడు వడ్డీతో కలిపి.

నేను ఫోను చెయ్యబోయాను. నువ్వు కారణాలు వద్దన్నావు కదా, ఫోను చేస్తే నా నోట్లోంచి కారణాలే వస్తాయని ఆగిపోయాను. నేను ఆగడం! చూశావా, నీ జబ్బు నాకంటుకుంది.

చెప్పకన్నావు. నేను చెప్పకుండా ఉండలేనని తెలిసే అన్నావు. చెప్పేస్తున్నాను. తర్వాత రాసింది "వద్దు."

నీ ప్రార్థన ఉత్తరం చదివాక ఇంక ఆగలేక "మొదలుపెట్టు" అని రాశాను. తర్వాత పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ స్నానం చేసి జాకెట్టు హుక్కులు అందక నన్ను పిలిచింది. నేను ఆ మచ్చని అదే మొదటిసారి చూడటం. పళ్ళు లేని చిగుళ్ళలాగా చదునుగా ఉంది. నేను బిగుసుకుపోతే ఆవిడ, "ఏమే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావు? రొమ్ము పోయింది గానీ నోరు పోలేదు, హుక్కు పెట్టు" అంది. హుక్కు పెట్టాను. ఇంటికొచ్చి నిన్ను అలా ఊహించుకున్నాను. "వద్దు" అని రాసేశాను. పిన్నిని అడిగి ఉంటే ఏమనేదో కూడా అడగలేదు. భయం రాసింది, నేను రాయలేదు.

ఇప్పుడు నీ ఉత్తరం చదివి కూలబడ్డాను. నువ్వు అంటించేసుకున్నావు. నా మాట కాదని! కోపం రావాలి కదా? రాలేదు. గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. దించగానే మళ్ళీ భయం. రేపు నీకేమైనా అయితే నేను వద్దన్నానని సంతోషించాలా? ఏమీ కాకపోతే నేను వద్దన్నానని సిగ్గుపడాలా? ఏది జరగాలని కోరుకోవాలో అర్థం కావడం లేదు. నీకు బాగుండాలని, నా మాట తప్పవ్వాలని కోరుకుంటున్నాను. ఇలాంటి కోరిక ఎవరైనా కోరుకున్నారా?

అక్కా, ఒక్కటి అడుగుతాను. నన్ను ల్యాబులో చేరమన్నప్పుడు, తమ్ముణ్ణి ఇల్లు మారొద్దన్నప్పుడు, నువ్వు తెలిసి చెప్పావా? లేక నీ చెయ్యి కూడా ఇలాగే వణికిందా?

నీ చెల్లి

*

ఇంటి నుంచి,
చలి తగ్గిన వారం

చెల్లీ,

వణికింది. ప్రతిసారీ.

మీరు నా మొహం చూసి, నాకు తెలుసు అనుకున్నారు. అలా అనుకోవడం మీకు అవసరంగా ఉండేది. అమ్మ లేని ఇంట్లో ఒకరికైనా తెలియాలి కదా.

ఇకమీదట ఒక్క మాట నేను ఎవరికీ చెప్పను. అడిగితే కూర్చుని వింటాను. ఎక్కువ మాటలు కావాలి. నాకు రావు, నువ్వు నేర్పు.

నువ్వు అడగకుండా అడిగే సంగతి. రెండు నెలలు దాటాయి. వేడి ఆవిర్లు తగ్గాయి. పోలేదు. నిద్ర పడుతోంది. మొదటి వారాల్లో రొమ్ములు సలపరించాయి. సలిపిన ప్రతిసారీ పిన్ని గుర్తొచ్చింది, నీ "వద్దు" గుర్తొచ్చింది. డాక్టరమ్మని అడిగితే, మొదట్లో అలా ఉంటుంది, తగ్గకపోతే రండి అంది. తగ్గింది. భయం తగ్గలేదు. రెండూ వేరువేరని ఇప్పుడు తెలుసుకున్నాను.

ఇది పట్టీయా, ప్రార్థనా, చలి తగ్గడమా, నీతో చెప్పుకోవడమా? ఆ చిక్కు విప్పడం మానేశాను. దారం దారంగానే ఉంది, కుట్టుకి పనికొస్తోంది.

మీ బావకి ఇప్పుడు ఒక్క దుప్పటి చాలు. కిటికీ సగం తెరిచి పడుకుంటున్నాం. సగం అనేది ఆయన కనిపెట్టారు.

పోయిన ఆదివారం మళ్ళీ ఆ వాక్యం రాలేదు. ఈసారి భక్తిలా నిలబడలేదు. కళ్ళు తెరిచి పక్కనావిడ వైపు చూసి, "గుర్తు రావడం లేదు" అన్నాను. ఆవిడ అందుకుంది. తర్వాతి వాక్యం నేను అందుకున్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు. బయట చెప్పులేసుకుంటుంటే ఆవిడ నా చెవి దగ్గరికొచ్చి, "ఆ పట్టీ ఏ షాపులో దొరుకుతుంది?" అని అడిగింది. "ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి, అక్కడ అన్నీ చెప్పుకోండి" అన్నాను. మొదలుపెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

గళ్ళ బట్ట నేనే అడిగాను. "ఒకటి ఇవ్వండి. కొయ్యబోయే ముందు మిమ్మల్ని పిలుస్తాను, ఒకసారి చూడండి" అన్నాను. ఇన్నేళ్ళలో నా బల్ల దగ్గరికి వచ్చి చూడమని ఎవర్నీ అడగలేదు. షాపాయన వచ్చి చూశారు. నమూనా తిరగేసి ఉంది. "కొయ్యండి" అన్నారు. కోశాను. ఒక ఎడమ, ఒక కుడి.

పాత రెండు ఎడమలూ అరలోంచి తీసి ఇచ్చారు. వాటితో నీకు చేతిసంచి కుట్టాను. రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అందులో మరిదిగారికి ఇచ్చే కార్డులు పెట్టకు.

మూడు నెలలు నిండాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాను. ఉంచమంటుందో, మార్చమంటుందో. ఆ రోజు నువ్వు నాతో రా. ఏమీ చెప్పక్కర్లేదు. పక్కన కూర్చో.

ఈ ఆదివారం ఫోను చెయ్యి. ఎలా ఉన్నావని అడుగు. జవాబు వెంటనే రాకపోతే పెట్టెయ్యకు. బాగున్నాను అనకుండా ఏమనాలో వెతుక్కుంటూ ఉంటాను.

అక్క